లంకావిలో పడవ, విశాఖలో ఉగాది

ఈసారి ఉత్తరం సింగపూర్ నుంచి. పేరు వేయొద్దన్నారు. వయసు 49, సొంతూరు భీమిలి. పద్దెనిమిదేళ్ళుగా అక్కడే ఉద్యోగం. భార్య కూడా అక్కడే ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. ఒక్కతే అమ్మాయి, యూనివర్సిటీలో రెండో ఏడాది.

తాతగారు సరుకు పడవల్లో తిరిగిన కళాసీ అట. ఆ కథలు వింటూ పెరిగిన ఈయన మూడేళ్ళ కిందట ఒక క్లబ్బులో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నారు. రెండు కోర్సులు పూర్తిచేశారు. మొన్న సెప్టెంబరులో మలేషియాలోని లంకావి వెళ్ళి, రెబాక్ ద్వీపం మెరీనాలో, అంటే సరదా పడవలు కట్టేసే రేవులో, ఒక పడవ చూసి మనసు పారేసుకున్నారు. 36 అడుగులు, ఫైబర్‌గ్లాస్, 1986లో యూరప్‌లో కట్టింది. దాని యజమానులు డెబ్బై దాటిన బ్రిటిష్ దంపతులు. పద్నాలుగేళ్ళు దాని మీదే కాపురం చేసి, మోకాళ్ళ నొప్పులతో ఇంటికి వెళ్ళిపోదామనుకుంటున్నారు. 38 వేల అమెరికన్ డాలర్లు చెప్పారు. ఈయన దగ్గర పక్కన పెట్టుకున్నది 45 వేలు.

ప్లాన్ ఇదీ: డిసెంబరులో పడవ చేతికి తీసుకోవడం, ఫిబ్రవరిలో బయలుదేరడం, పోర్ట్ బ్లెయిర్ మీదుగా విశాఖ. "ఉగాదికి భీమిలి ఎదురుగా లంగరు వేయాలి. అమ్మకు 80 ఏళ్ళు. ఆవిడ ఒడ్డున నిలబడి చూడాలి" అని రాశారు.

ఇక చిక్కులు. సర్వే, అంటే నిపుణుడి చేత పడవని తనిఖీ చేయించడం, అనవసరం, సగం ప్రపంచం తిరిగిన పడవ ఇది అంటున్నాడు అమ్మే ఆయన. ఇంకో కొనుగోలుదారు వస్తున్నాడు, నెలాఖరులోగా పది శాతం కట్టమంటున్నాడు. భార్య మొదట్లో నవ్వి ఊరుకున్నారు, తర్వాత "నీ పడవ నువ్వు చూసుకో, నన్నేమీ అడగకు" అన్నారు, ఇప్పుడు ఆ ఊసెత్తితే లేచి వెళ్ళిపోతున్నారు. ఈలోగా ఆవిడకు చెప్పకుండా ఈయన 2 వేల డాలర్లు టోకెన్ పంపేశారు. "నేను తప్పు చేస్తున్నానా? ఆవిణ్ణి ఎలా ఒప్పించాలి?" అన్నది ప్రశ్న.

*

మీ నాలుగు పేజీల ఉత్తరంలో తెరచాపల గురించి పేజీన్నర ఉంది, మీ ఆవిడ గురించి ఆరు లైన్లు. ఆ ఆరు లైన్ల దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు పడవ సంగతి, ఎందుకంటే నెలాఖరు అంటూ మీ మెడ మీద కత్తి పెట్టారు గనక.

నేను ఓడల్లో ఇంజిన్ రూములో ఇరవై ఆరేళ్ళు పనిచేసి దిగినవాణ్ణి. దిగాక బుద్ధిగా ఉండకుండా, ఒక స్నేహితుడితో కలిసి మలేషియాలోని పినాంగ్ దగ్గర ఒక పాత తెరచాప పడవ కొన్నాను. సర్వే చేయించాం కూడా. ఆ సర్వేయరు పడవ అడుగంతా సుత్తితో కొట్టి చూశాడు గానీ మాస్టు, అదే తెరచాప కట్టే స్తంభం, పైకి ఎక్కలేదు. రిపోర్టులో "కింద నుంచి చూడగా బాగున్నట్టుంది" అని ఒక వాక్యం రాశాడు. మేం దాన్ని చదివాం, అర్థం చేసుకోలేదు. నాలుగో నెలలో, మాస్టుని పట్టి నిలబెట్టే తీగల్లో పైనున్నది ఒకటి తెగింది. రేవు కనిపించేంత దూరంలోనే ఉన్నాం కాబట్టి ఈ సమాధానం రాయగలుగుతున్నాను. మీకు చెప్పేదాంట్లో ఆ భయం కొంత కలిసి ఉంటుంది, ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

1986 పడవ అని నేను కంగారు పడటం లేదు. గోల్డెన్ గ్లోబ్ అని ప్రపంచం చుట్టివచ్చే పందెం ఒకటుంది. అందులో 1988కి ముందు డిజైన్ చేసిన, 32 నుంచి 36 అడుగుల పడవలకే ప్రవేశం. మన అభిలాష్ టోమీ 2023లో రెండో స్థానంలో వచ్చింది అలాంటి 36 అడుగుల పడవ మీదే. అదే అభిలాష్ 2018 పందెంలో హిందూ మహాసముద్రం దక్షిణాన తుఫానులో మాస్టు విరిగి, నడుం దెబ్బతిని, కదల్లేక పడుకుని ఉంటే ఫ్రెంచి ఓడ వచ్చి కాపాడింది. పాత డిజైన్ బలమైనదే కావచ్చు. దానికున్న తీగలు, మరలు, గొట్టాలు మాత్రం ఏ ఏడు వేసినవో ఆ ఏడువే.

అందుకే సర్వే. ఇల్లు కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? అమ్మేవాడు ఎంత పెద్దమనిషైనా ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు లాయరుకి చూపిస్తాం. అందులో ఆయన్ని అవమానించడం ఏమీ లేదు. ఇదీ అంతే. సర్వేయరుని మీరు పెట్టుకోవాలి, డబ్బు మీరివ్వాలి, రిపోర్టు మీ చేతికే రావాలి. అమ్మే ఆయన ఇచ్చే పాత రిపోర్టు చదువుకోడానికి బాగుంటుంది, అంతే.

పడవని నీళ్ళలోంచి క్రేనుతో బయటికి తీయించాలి. రెబాక్‌లో ఆ ఏర్పాటు ఉంది. బయటికి తీశాక అడుగున బొబ్బలున్నాయేమో, అడుగున బరువుగా ఉండే కీల్‌ని బిగించిన బోల్టుల దగ్గర తుప్పు మరకలు కారుతున్నాయేమో, చుక్కాని చేత్తో పట్టుకుని ఊపితే లూజుగా కదులుతుందేమో చూడాలి. అడుగున నీళ్ళు లోపలికి బయటికి వెళ్ళే వాల్వులు ఇత్తడివైతే, వాటిని కొంచెం గీకితే రంగు తెలుస్తుంది. పసుపుగా ఉండాల్సింది గులాబీ రంగు తిరిగి ఉంటే అందులోని జింకు ఉప్పునీటికి కరిగిపోయినట్టు. అలాంటిది గట్టిగా కాలు తగిలితే విరుగుతుంది, పడవలోకి బొటనవేలు లావు ధార మొదలవుతుంది.

తర్వాత డెక్కు. మీరు "అందమైన టేకు డెక్కు" అని మురిసిపోతూ రాశారు. నాకు ఆ మాట చదవగానే దిగులేసింది. ఆ కాలంలో టేకు పలకల్ని వందలకొద్దీ స్క్రూలతో బిగించేవారు. ఒక్కో స్క్రూ ఒక్కో కన్నం. కింద ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్క ఉండి, అందులోకి నీరు దిగి ఉంటే డెక్కు లోలోపల కుళ్ళుతుంది, పైకి అందంగానే ఉంటుంది. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తామే, అలా సర్వేయరు చిన్న సుత్తితో అడుగడుగూ కొట్టి వింటాడు. ఖంగుమనాల్సిన చోట మెత్తగా పలికితే అక్కడ పని ఉన్నట్టే, ఆ పని చిన్నది కాదు.

ఇంజిన్ "ఒక్కసారికే స్టార్టయింది" అన్నారు. మీరు పడవ ఎక్కేసరికి అది చల్లగా ఉందా? ముందే ఒకసారి నడిపి వేడెక్కించి ఉంచితే మళ్ళీ తేలిగ్గానే స్టార్టవుతుంది. ఎండలో నడిచివచ్చిన మనిషికి గుర్తుండదు, అమ్మేవాళ్ళకి తెలుసు. ఈసారి వెళ్తే ముందు ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి, ఆ తర్వాతే మంచినీళ్ళు తాగండి. డీజిల్ ట్యాంకు కూడా చూడాలి. ఏళ్ళ తరబడి మెరీనాలో కదలకుండా ఉన్న పడవల్లో, ఈ వేడికి, ట్యాంకు అడుగున నల్లటి మడ్డి పేరుకుంటుంది. రేవులో ఇంజిన్ చక్కగా ఆడుతుంది. సముద్రంలో పడవ ఊగగానే ఆ మడ్డి లేచి ఫిల్టరుకి అడ్డుపడుతుంది. ఇంజిన్ ఆగేది అప్పుడే, అంటే సరిగ్గా అవసరమైనప్పుడే.

ఇక మాస్టు. సర్వేయరు పైదాకా ఎక్కుతాడా అని ఫోన్లో ముందే అడగండి. ఎక్కనంటే రిగ్గర్ని, అంటే మాస్టు, తీగల పని తెలిసినవాణ్ణి, వేరే పెట్టుకోండి. మాస్టుని నిలబెట్టే స్టీలు తీగలు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి. పది పన్నెండేళ్ళు దాటితే చాలా ఇన్సూరెన్సు కంపెనీలు ప్రశ్నలు వేస్తాయి, ఇన్సూరెన్సు లేకపోతే చాలా మెరీనాలు చోటివ్వవు. పద్నాలుగేళ్ళలో తీగలు మార్చిన ఊసే మీ ఉత్తరంలో లేదు.

డబ్బు లెక్క చూద్దాం. 45లో 38 పోతే మిగిలేది 7. సర్వే, క్రేను, మెరీనా అద్దె, అడుగు రంగుకే అందులో మంచి ముక్క పోతుంది. తీగలు మార్చాల్సి వస్తే మిగతాది అక్కడికి సరి. తెరచాపలు, బ్యాటరీలు, ఆపదలో ఎక్కే లైఫ్‌రాఫ్ట్ తెప్ప సర్వీసు అప్పుడు దేనితో చేస్తారు? ఏనుగుని కొని అంకుశానికి బేరమాడినట్టవుతుంది. నా లెక్కలో అయితే ఈ వయసు పడవకి, సముద్రం దాటే ఉద్దేశం ఉంటే, ధరలో కనీసం మూడో వంతు విడిగా చేతిలో ఉండాలి. అంటే మీ 45కి తగిన పడవ ధర 33, 34 మధ్య. సర్వే రిపోర్టు చేతికొస్తే ఆ బేరం ఆడటానికి మీకు నోరు వస్తుంది కూడా.

కాగితాల దగ్గర మీరు ఒక పొరపాటు పడ్డారు. "బ్రిటిష్ రిజిస్ట్రేషన్ ఉంది, అదే మనకీ వస్తుంది" అని రాశారు. రాదు. మీరు వర్ణించిన నంబరుని బట్టి అది అక్కడి చిన్న పడవల రిజిస్టరు, ఎస్ఎస్ఆర్. అమ్మగానే ఆ నమోదు చెల్లదు. కొత్త యజమాని బ్రిటన్‌లో నివసించేవాడైతేనే మళ్ళీ చేస్తారు. పైగా ఎస్ఎస్ఆర్ కాగితం పడవ ఎవరిదో చెప్పే రుజువు కానే కాదు. మీకు కావలసింది పడవ కట్టిన నాటి నుంచి ఇప్పటిదాకా చేతులు మారిన అమ్మకపు పత్రాలన్నీ. మన భాషలో లింకు డాక్యుమెంట్లు. మెరీనాకి బాకీ లేదని వాళ్ళ దగ్గర్నుంచి రాతపూర్వకంగా తీసుకోవడం కూడా మరిచిపోవద్దు.

కొత్త జెండా ఎక్కడిది తీసుకోవాలన్నది, అంటే ఏ దేశంలో నమోదు చేయించాలన్నది, నిదానంగా తేల్చుకోవాలి. లంకావిలో యాచ్‌ల, అంటే ఇలాంటి సరదా పడవల, కోసం ఒక రిజిస్ట్రీ ఉంది. కుక్ ఐలాండ్స్ లాంటి చోట్ల చేయించుకునేవాళ్ళూ ఉన్నారు. భారతీయ జెండా కావాలంటే ఓడల నమోదు చూసే ప్రభుత్వ శాఖని, విశాఖలోని మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంటుని, ముందే అడగాలి. జెండా తేలకపోతే ఈపర్బ్ అనే పెట్టె సంగతి కూడా తేలదు. మునిగిపోతుంటే ఉపగ్రహం ద్వారా మీ గోడు వినిపించే పరికరం అది. ఏ దేశపు పడవో దాని కోడులోనే ఉంటుంది. అమ్మే ఆయన ఉచితంగా ఇస్తున్నాడని అలాగే పట్టుకెళ్తే, మీరు ఆపదలో పడినప్పుడు ఫోను మోగేది బ్రిటన్‌లో, ఆ పెద్దాయనింట్లో.

శాటిలైట్ ఫోను కూడా ఉచితం అన్నారు. దాన్ని మాత్రం అక్కడే వదిలేయండి. మన దేశంలో అనుమతి లేకుండా తురాయా, ఇరిడియం ఫోన్లు వాడటం నేరం. ట్రెకింగ్‌కి పనికొచ్చే చిన్న శాటిలైట్ మెసెంజరుతో విమానాశ్రయంలో పట్టుబడి కేసులపాలైన విదేశీయులు ఉన్నారు. టెలికాం శాఖ నుంచి అనుమతి లేకుండా అండమాన్ జలాల్లోకి దానితో వెళ్తే, సముద్రం కంటే ముందు పోలీసులతో పని పడుతుంది.

ఇప్పుడు ప్రయాణం. ఫిబ్రవరి ఎంచుకోవడంలో మీ లెక్క సరైనదే. ఆ రోజుల్లో ఈశాన్య గాలి. వాయవ్యంగా వెళ్ళే మీకు కుడి పక్క నుంచి తగులుతుంది, పడవ ఇష్టంగా పరిగెడుతుంది. లంకావి నుంచి పోర్ట్ బ్లెయిర్, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, సుమారు 530 నాటికల్ మైళ్ళు. అక్కడి నుంచి విశాఖ 650. గంటకు ఐదు మైళ్ళ చొప్పున నాలుగున్నర రోజులు, ఐదున్నర రోజులు. చదవడానికి చిన్నగా ఉంది. మీరు ఇంతవరకు పడవ మీద ఒక్క రాత్రి కూడా గడపలేదు. ఉత్తరంలో ఎక్కడా ఆ మాట రాయలేదు, కానీ రెండు కోర్సులూ, శని ఆదివారాలూ కలిపితే వచ్చే లెక్క అదే. మూడో రాత్రి రెండు గంటలకి, నిద్రలేని కళ్ళకి దూరంగా కనిపించే దీపం చేపల పడవదో, మీ మీదికి వస్తున్న ట్యాంకరుదో తేల్చుకోవడం ఏ క్లబ్బులోనూ నేర్పరు. పడవ నడిపే కెప్టెన్లకి బ్రిటిష్ వాళ్ళు పెట్టే యాట్‌మాస్టర్ ఆఫ్‌షోర్ పరీక్షకి కూర్చోవాలంటేనే 50 రోజులు సముద్రం మీద, 2500 మైళ్ళు తిరిగి ఉండాలి. పరీక్ష పాసవ్వాలని చట్టమేమీ లేదు. ఆ అంకెలు ఎందుకు పెట్టారో మాత్రం ఆలోచించండి.

"మన విశాఖ అమ్మాయి స్వాతి ప్రపంచం చుట్టి రాలేదా" అని అడిగారు. వచ్చింది. హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య కూడా. ఐఎన్ఎస్‌వీ తారిణి అనే నేవీ తెరచాప పడవ మీద ఆరుగురు నేవీ ఆఫీసర్లు 2017 సెప్టెంబరులో గోవాలో బయలుదేరి 2018 మేలో తిరిగొచ్చారు. అంతకుముందు వాళ్ళు మ్హాదేయి పడవ మీద మారిషస్ దాకా వెళ్ళొచ్చారు. నేర్పినవాడు దిలీప్ దొందే, ఒంటరిగా ప్రపంచం చుట్టొచ్చినవాడు. వెనకాల నేవీ ఉంది. మీ వెనకాల నెలాఖరు గడువు ఉంది.

ఇంకో ప్రశ్న మీరు వేసుకోనే లేదు. విశాఖ చేరాక పడవని ఎక్కడ కడతారు? కొచ్చిలో బోల్గట్టిలో ఉన్నట్టు విశాఖలో యాచ్‌ల మెరీనా లేదు. ఫిషింగ్ హార్బరులో వేటపడవలకే చోటు చాలదు. భీమిలి ఎదురుగా లంగరు వేయడం ఫోటోకి బాగుంటుంది, రాత్రికి పనికిరాదు. తూర్పు అంతా తెరుచుకున్న తీరం, అలల ఊపు ఆగదు. ఉగాది వెళ్ళగానే ఎండాకాలం తుఫానుల కాలం మొదలు. అక్టోబరు గురించి మీకు చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మీ అమ్మగారు భీమిలిలోనే ఉండి ఉంటారు. పన్ను సంగతి సరేసరి: సరదా పడవల మీద 2025 సెప్టెంబరు నుంచి జీఎస్టీ 40 శాతం, కస్టమ్స్ సుంకం దానికి వేరే. విదేశీ టూరిస్టు కొన్నాళ్ళు పడవ తెచ్చి తీసుకెళ్ళడం వేరు, భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాడు సొంతూరికి తేవడం వేరు. విశాఖలో ఒక కస్టమ్స్ బ్రోకరు చేత ఇది కాగితం మీద రాయించుకోకుండా లంకావిలో తాడు విప్పొద్దు.

ఇంతకీ దారులేమున్నాయి?

నెలాఖరుకి పది శాతం కట్టి, ఫిబ్రవరిలోనే బయలుదేరడం ఒకటి. అలాగైతే "సర్వే నచ్చకపోతే డబ్బు వాపసు" అని ఒప్పందంలో ఉండాలి, డబ్బు బ్రోకరు లేదా లాయరు దగ్గర ఉండాలి, నేరుగా ఆయన ఖాతాలోకి కాదు. అనుభవమున్న డెలివరీ స్కిప్పరుని, అంటే పడవల్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చిపెట్టే కెప్టెన్‌ని, జీతమిచ్చి తీసుకెళ్ళాలి. కానీ డిసెంబరు, జనవరి రెండే నెలలు. మీకు ఉద్యోగం ఉంది. విడిభాగాలు ఓడల్లో రావాలి. చైనీస్ న్యూ ఇయర్‌కి మలేషియాలో వర్క్‌షాపులు మూస్తారు. ఏదో ఒక పని సగంలో ఉండగానే బయలుదేరతారు, అది నాకు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది.

రెండోది, సర్వే అయ్యాక ఇదే పడవ కొని ఏడాది లంకావిలోనే ఉంచడం. పినాంగ్, థాయిలాండ్‌లోని ఫుకెట్ దాకా తిరగండి. రాత్రులు గడపండి. పనులు ఒక్కొక్కటే చేయించుకోండి. ఆ ఏడాది గడిచాక వచ్చే జనవరిలో సముద్రం దాటొచ్చు, దాటకపోవచ్చు. దీనికి నెలనెలా మెరీనా అద్దె, విమాన ఖర్చులు అవుతాయి. పడవ అనేది కూర్చోబెట్టి మేపాల్సిన జీవమని తెలిసొస్తుంది. ఏడాది తర్వాత మళ్ళీ అమ్ముదామంటే నష్టానికే.

మూడోది, ఈ పడవని వదిలేయడం. లంకావిలోనో ఫుకెట్‌లోనో స్కిప్పరుతో పాటు వారం అద్దెకి తీసుకోవడం, లేదా అండమాన్ వైపు వెళ్ళే ఎవరి పడవ మీదో క్రూగా, అంటే పనిలో సాయంగా, వెళ్ళడం. 2 వేల డాలర్లు పోవచ్చు, ఈ పడవ మళ్ళీ దొరకదు, అది కొన్నాళ్ళు బాధిస్తుంది. అయితే పడవలకి కరువు లేదు. ఎర్రసముద్రం దారి భయంతో ముందుకు వెళ్ళలేక, వయసు మీదపడి, లంకావి ఫుకెట్‌ల దగ్గరే ప్రయాణం ముగించేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

నేనైతే రెండో దారి అంటాను, అదీ సర్వే బాగుండి, ధర దిగితేనే. నా మాట పక్కన పెట్టి మొదటి దారే పట్టినా మిమ్మల్ని తప్పుపట్టను, ఉగాది తేదీని మాత్రం చెరిపేయండి. సర్వే వద్దనిపిస్తున్నదీ, 7 వేలు చాలనిపిస్తున్నదీ ఆ తేదీయే.

ఇక ఆ ఆరు లైన్లు. మీ ఆవిడ అకౌంట్స్ చూస్తారు. 45లో 38 పోతే ఎంత మిగులుతుందో ఆవిడకి మనకంటే ముందే తెలిసి ఉంటుంది. మొదట నవ్వినావిడ తర్వాత ఎందుకు లేచి వెళ్ళిపోతున్నారో మీరు అడిగినట్టు ఎక్కడా రాయలేదు, "ఎలా ఒప్పించాలి" అని నన్ను అడిగారు. మధ్యలో ఏం జరిగింది? మీరు నడిసముద్రంలో ఉంటే అమ్మాయి ఫీజు గడువు, ఇంటి అద్దె, మీ అమ్మగారి ఫోన్లు అన్నీ ఒక్కరే చూసుకోవాలన్న లెక్క ఆవిడ వేసుకున్నారేమో. ఇది నా ఊహే. ఆవిడని అడిగితే గానీ తెలియదు.

ముందు ఆ 2 వేల సంగతి చెప్పండి. బ్యాంకు స్టేట్‌మెంటులో ఆవిడే చూసేలోగా, ఈ వారంలోనే. చెప్పేటప్పుడు "అయితే నేనేమనుకున్నానంటే" అని మొదలుపెట్టొద్దు. ఆవిడకి కోపం వస్తుంది, రానివ్వండి. తర్వాత, సర్వేకి వెళ్ళేటప్పుడు ఆవిణ్ణి రమ్మనండి. రానంటే బలవంతం వద్దు. వస్తే రిపోర్టు ఆవిడ చేతికివ్వండి, ఖర్చుల కాలమ్ ఆవిణ్ణే వేయమనండి. ఆ లెక్క చూసి "వద్దు" అంటే, ఆ మాట విని ఆగడానికి మీరు సిద్ధమేనా? కాకపోతే రమ్మనకండి, అది మళ్ళీ ఒప్పించడమే అవుతుంది.

అమ్మగారి గురించి. ఎనభయ్యేళ్ళ మనిషిని భీమిలి ఒడ్డున నిలబెట్టి, ఇవాళ వస్తాడో రేపు వస్తాడో తెలియని పడవ కోసం ఎదురుచూపించే బదులు, పాస్‌పోర్టు తీయించండి. విశాఖ నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం ఉంది. అక్కడి నుంచి లంకావి గంటన్నర. కొన్న పడవైనా అద్దె పడవైనా, మెరీనాలో నీళ్ళు కదలవు, ఎక్కించడానికి ఇద్దరు మనుషులు చాలు. కళాసీ ఇంటి ఆడపడుచు, తెరచాప తాడు చేతికిస్తే ఏం చేస్తారో నాకూ చూడాలని ఉంది.

సర్వే చేయిస్తే రిపోర్టులో పేర్లు కొట్టేసి నాకో కాపీ పంపండి. మాస్టు పేజీ ముందు చూస్తాను.